దూడ నడుమ నడిచినవాళ్ళు

తేలాబీబు, కెబారు కాలువ గట్టు, బబులోను దేశం
వసంతకాలం

మా హోగ్లాకి, అన్న పెదాయా దీవెనలు.

నువ్వు పంపిన అంజూరపు అచ్చులు చేరాయి. సగం పురుగు పట్టాయి. పురుగుతో సహా తిన్నాం. మన కొండల పురుగు కదా, ఇక్కడి ఖర్జూరాల కంటే అదే నయం.

మీరంతా గుసగుసగా చెప్పుకునే సంగతి ఇక్కడ కాలువలో బురద తీసేవాళ్ళకి కూడా తెలిసిపోయింది. మన రాజు బబులోనుకి కప్పం ఆపేశాడట. గుర్రాలూ మనుషులూ కావాలని ఐగుప్తుకి కబురంపాడట. నిజమేనా? నిజమైతే, మమ్మల్ని చెర పట్టుకొచ్చిన ఇన్నేళ్ళలో నేను విన్న మొదటి మంచి మాట ఇదే.

ఇక్కడ ఏటా ప్రమాణాల పండగ ఒకటి చేస్తారు. పట్టుబడి వచ్చిన ఒక్కో జాతి పెద్దల్ని వరుసలో నిలబెడతారు. తూరువాళ్ళు తమ దేవుడి మీద, అమ్మోనువాళ్ళు తమ దేవుడి మీద, మేము మన యెహోవా మీద ఒట్టేసి బబులోను రాజుకి లోబడి ఉంటామని చెప్పాలి. వాళ్ళ దేవుళ్ళ మీద చేయించినా ఇంత రోతగా ఉండేది కాదు. మన కాళ్ళకి వేసే గొలుసుని మన గుడిలోంచే తెచ్చుకుంటారు వీళ్ళు. మొన్న నేనూ ఆ వరుసలో ఉన్నాను. అధికారి పళ్ళు నములుతూ కూర్చున్నాడు. నాన్న ముద్రల మీద ఆ పేరు చెక్కేముందు చేతులు కడుక్కునేవాడు, గుర్తుందా? ఆ పేరు నేను పలికితే వాడు గింజ ఉమ్మి, "వినపడలేదు, గట్టిగా" అన్నాడు. దుబాసీ నవ్వాడు.

పైగా మనవాడే ఒకడు, యాజకుడి కొడుకు, ఇక్కడ వీధిలో నిలబడి ఏమంటున్నాడో తెలుసా? మన రాజు బబులోనుకి ఇచ్చిన మాట తప్పితే అది యెహోవాకి ఇచ్చిన మాట తప్పడమేనట! ఆయన పేరు మీద ఒట్టేశాక అది ఆయన ఒట్టేనట! నేనూరుకోలేదు. "మెడ మీద కత్తి పెట్టి చేయించిన ప్రమాణం ప్రమాణమా అయ్యా?" అని అడిగాను. తన దారిన తను నడిచిపోయాడు. ఛీ, ఎవరి ఉప్పు తింటున్నాడో ఏమో.

బావ రాజుగారి ధాన్యం కొట్లు చూస్తాడు కదా, ఆయనకి తెలియంది ఉండదు. ఐగుప్తు ఎప్పుడు కదులుతుందో అడిగి రాయి. నాన్న నీకూ అక్షరాలు నేర్పి మంచి పని చేశాడు. లేకపోతే ఈ పాటికి నీ గొంతు మర్చిపోయేవాణ్ణి.

నీ అన్న
పెదాయా

*

యెరూషలేము
ద్రాక్ష కోతలు అయ్యాక

అన్నయ్యకి, హోగ్లా రాసేది. నువ్వూ వదినా పిల్లలూ క్షేమంగా ఉండాలి.

నువ్వు విన్నది నిజమే. మీ బావ మీసం దువ్వుకుంటూ తిరుగుతున్నాడు. "ఇంకేముంది, ఐగుప్తు రథాలు గాజా దాటితే ఈ బబులోను కల్దీయులు తోక ముడుస్తారు" అని రోజూ భోజనాల దగ్గర చెబుతాడు. రాజు బబులోనుకి ఒట్టేసిన రోజు కూడా ఈయన అక్కడే ఉన్నాడు. ఆ రోజూ ఇంతే సంతోషంగా వచ్చాడు ఇంటికి. "గండం గడిచింది, రాజు భలే ఒట్టేశాడు" అన్నాడు. నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు. ఒట్టు వేసినందుకూ సంతోషమే, తీసి గట్టున పెట్టినందుకూ సంతోషమే.

నీ కోపం నాకు తెలుసు. ఆ అధికారి ఉమ్మిన గింజ నా ఒళ్ళో పడ్డట్టే ఉంది. కానీ నువ్వు అక్కణ్ణుంచి చూస్తున్నావు, నేను ఇక్కడ ఉన్నాను. కల్దీయులు రావడమంటూ జరిగితే వచ్చేది నా గుమ్మానికి.

ఇంట్లో సంగతులు కూడా రాస్తాను. పిండి విసరడం, నీళ్ళు మోయడం అంతా హేలా చూసుకుంటుంది. నువ్వు ఎరుగుదువు ఆమెని, గెబ ఊరి పిల్ల. వానలు లేని ఏడు వాళ్ళ నాన్న తెచ్చి మాకు అమ్మేసి వెళ్ళాడు. అప్పుడు నా భుజం దాకా ఉండేది. ఇప్పుడు దానికే ఒక కూతురు, నోవా. మన జాతి దాసిని ఏడో ఏట వదిలెయ్యాలని మోషే చెప్పాడు కదా, ఆ ఏడో ఏడు రెండుసార్లు వచ్చి పోయింది. నేను ఒకసారి గుర్తు చేశాను. "ఎక్కడికి పోతుందే? బయట దిక్కెవరు దానికి? మనం ఉంచుకోవడమే ధర్మం" అన్నాడు మీ బావ. హేలా తిరగలి ఆపకుండానే, "అయ్యగారి ధర్మం మోయలేక నా నడుము విరుగుతోందమ్మా" అంది. నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

రామా వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉత్తరాన సైన్యపు దుమ్ము లేచిందంటున్నారు. ఇదే ఆఖరి బిడారేమో అని వర్తకుడు తొందరపెడుతున్నాడు. ఆపేస్తున్నాను.

హోగ్లా

*

యెరూషలేము
మండు వేసవి, ద్వారాలు తెరిచాక

అన్నయ్యా,

బతికున్నాను. ముందు ఆ మాట చదువుకో.

కల్దీయులు ఊరిని చుట్టుముట్టి శీతాకాలం, వసంతం మమ్మల్ని లోపలే బంధించారు. ఏం తిన్నామో, ఏం తినలేదో రాయను. ఇప్పుడు వాళ్ళు డేరాలు పీక్కుని వెళ్ళిపోయారు. ఐగుప్తు సైన్యం వస్తోందని తెలిసి దాని మీదికి వెళ్ళారు. ఊరంతా తప్పెట్లు. నేను మాత్రం వీధిలోకి అడుగు పెట్టడం లేదు. ఎందుకో చెబుతాను.

ముట్టడి బిగిసినప్పుడు రాజుకి దేవుడి భయం పట్టుకుంది. మన జాతి దాసదాసీల్ని అందరూ వదిలెయ్యాలని నిబంధన చేయించాడు. మందిరపు ముంగిట్లో ఒక దూడని నిలువునా రెండుగా చీల్చారు. ముక్కల్ని అటొకటి ఇటొకటి పెట్టారు. అధిపతులు, యాజకులు, ఇళ్ళున్న పెద్దమనుషులు అందరూ ఆ నడుమ నడిచి వెళ్ళారు. మాట తప్పితే ఈ దూడ గతే మాకు పట్టాలని దానికి అర్థం. మీ బావ అంగీ అంచు పైకెత్తి పట్టుకుని, రక్తం అంటకుండా, వానాకాలం బురద దాటే మనిషిలా దాటాడు. చుట్టూ ఆకలితో ఉన్న జనం. వాళ్ళ చూపంతా ఆ మాంసం మీదే ఉంది. ఒట్టు ఎవరు విన్నారో నాకు తెలియదు.

ఇంటికొచ్చి హేలాని పిలిచి, "పో, నువ్వు స్వతంత్రురాలివి" అన్నాడు. నా గుండె నిండిపోయింది అన్నయ్యా, నిజంగా. ఆ రాత్రే కొట్టు తాళం వేస్తూ, "రెండు నోళ్ళు తగ్గాయి" అన్నాడు. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. వదిలేసినవాళ్ళకి తిండి పెట్టక్కర్లేదు.

హేలా చేప ద్వారం దగ్గర పడిపోయిన గోడ నీడలో కూతుర్ని పెట్టుకుని బతికింది. వాళ్ళ పిండి, వీళ్ళ పిండి విసిరేది. నేను దాచి తీసుకెళ్ళిన గింజలు తీసుకునేది కాదు. "కూలికిచ్చే పనుంటే చెప్పు, చేస్తాను. ఊరికే వద్దమ్మా" అనేది. ఎముకలు తేలి ఉంది. అయినా మొహంలో ఏదో వెలుగుండేది.

కల్దీయులు కనుమరుగయ్యారో లేదో, తెల్లారేసరికి మీ బావ తాడు తీసుకుని బయల్దేరాడు. ఆయనొక్కడే కాదు, వీధి వీధంతా బయల్దేరింది. సంతలో తప్పిపోయిన మేకల్ని వెతుక్కుంటున్నట్టు మనుషుల్ని వెతికి పట్టుకొచ్చారు. హేలాని మా గుమ్మంలోకి ఈడ్చుకొస్తుంటే నేను అడ్డం నిలబడ్డాను.

"దూడ నడుమ నడిచావు కదయ్యా!" అన్నాను.

"నడిచాను. అయితే? శత్రువు గుమ్మంలో ఉన్నాడు, రాజు ఎదురుగా ఉన్నాడు. మెడ మీద కత్తి పెట్టి చేయించిన ప్రమాణం ప్రమాణమా?" అన్నాడు.

నీ మాటే అన్నయ్యా. అక్షరం పొల్లుపోకుండా నీ మాటే. నువ్వు రాసింది ఆయనకి నేనే చదివి వినిపించాను.

ఇన్నాళ్ళూ నీకు రాయని సంగతి ఒకటుంది. నోవా ఎవరి బిడ్డ అని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. దాని కనుబొమలు అచ్చం మీ బావవే. నా కడుపున ఎవరూ పుట్టలేదు కాబట్టి నేను నోరెత్తకూడదని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. తన బిడ్డనే తాడు కట్టి దాసిగా ఇంట్లోకి ఈడ్చుకొచ్చిన మనిషి పక్కన రోజూ అన్నం తింటున్నాను. ఆయన చెయ్యి పళ్ళెం దగ్గరికొస్తే దూడ వాసన వస్తోంది.

అనాతోతు ఊరి ప్రవక్త ఒకాయన వీధిలో అరిచి చెబుతున్నాడు, మీరు వాళ్ళకివ్వని విడుదల దేవుడు మీకిస్తాడు, కత్తికీ కరువుకీ తెగులుకీ మిమ్మల్ని విడుదల చేస్తాడు అని. జనం ఆయన్ని కల్దీయుల మనిషి అంటున్నారు.

హోగ్లా

*

గెబ
అంజూరాలు పండే వేళ

అన్నయ్యా,

ఊరి పేరు చూసి కంగారుపడకు. చెబుతాను.

మీ బావకి కొంచెం భయం మిగిలింది. ఊళ్ళో ఒకరిద్దరు ప్రవక్త మాట విని గొణుగుతున్నారు. అందుకని చేసిన పాపానికి చట్టం తొడుగుదామని చూశాడు. దాసి తనంతట తానే "నా యజమానిని ప్రేమిస్తున్నాను, వెళ్ళను" అంటే గుమ్మానికి ఆనించి చెవి కదురుతో గుచ్చుతారు కదా, ఆ తర్వాత ఆమె బతికినంత కాలం ఆ ఇంటిదే. అది చేయిస్తానన్నాడు. పెద్దల్ని పిలిచాడు. వాళ్ళకి ద్రాక్షారసం, నూనె రొట్టెలు. ముందుగా హేలాని పిలిచి నెమ్మదిగా, ఎంత ముద్దుగానో చెప్పాడు: "ఆ మాట అనకపోతే నువ్వు పోవచ్చు. పిల్ల మాత్రం ఇంటి సొత్తు. అది ఇక్కడే ఉంటుంది."

పెద్దలు మూతులు తుడుచుకుని లేచారు. కదురు తెచ్చారు. హేలాని గుమ్మానికి ఆనించారు.

"చెప్పమ్మా, నీ ఇష్టప్రకారమే చెప్పు" అన్నాడు ఒక ముసలాయన. గడ్డానికి నూనె కారుతోంది.

హేలా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. "నన్నెందుకయ్యా అడుగుతారు? దూడని అడగండి" అంది. "మీరంతా దాని నడుమ నుంచి వెళ్ళారుగా. నేను అక్కడే ఉన్నాను, నీళ్ళు మోస్తూ. మీ కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు పోసింది నేనే."

 ముసలాయన కదురుని తన అంగీకి తుడిచాడు, ఇంకా దాన్ని వాడనే లేదు. తర్వాత ఒక్కొక్కళ్ళూ ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకున్నారు. ఒకాయన వెళ్తూ వెళ్తూ మిగిలిన రొట్టె చేతిలోకి తీసుకున్నాడు. మీ బావ హేలా చెంప పగలగొట్టి తిరగలికి కట్టేశాడు. "పొద్దున ఎవరూ లేకుండా గుచ్చుతాను, ఎవడడుగుతాడు?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని కొట్ల దగ్గరికి రమ్మని రాజుగారి మనిషి వచ్చాడు. ఆయన వీధి మలుపు తిరగగానే నేను తాడు కోశాను, నోవా చెయ్యి పట్టుకున్నాను. అడగలేదు, ఆలోచించలేదు. హేలా, "ఎక్కడికమ్మా?" అంది. "మీ ఊరికి" అన్నాను.

బెన్యామీను ద్వారం దగ్గర కావలివాడు ఆపాడు. కల్దీయుల్లో కలవడానికి పోతున్నారని ఈ మధ్య అందరినీ ఆపుతున్నారు.

"ఎక్కడికి తల్లీ?"

"అనాతోతులో మా నాన్న తోట ఉంది. పళ్ళు రాలిపోతున్నాయి."

"ఈమె ఎవరు?"

చెప్పాను అన్నయ్యా. తల ఎత్తి, రాజుగారి కొట్ల అధికారి పెళ్ళాం గొంతుతో చెప్పాను. "ఇది నా దాసి. అది దాని పిల్ల."

"జాగ్రత్తమ్మా" అన్నాడు వాడు నవ్వుతూ. "ఈ ఎండలకి దాసీలు దారిలో ఆవిరైపోతున్నారు."

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో. ద్వారం దాటాక దారి పక్కన వాంతి చేసుకున్నాను. హేలా నా వీపు రాస్తూ, "ఆ ఒక్క మాటతోనే బయటపడ్డాం, కక్కెయ్, పర్లేదు" అంది.

గెబలో వాళ్ళ నాన్న పోయాడు. అన్న ఉన్నాడు, ఉజ్జా. చెల్లెల్ని చూసి గుమ్మంలో కూలబడిపోయాడు. రెండ్రోజులాగి నేను వెనక్కి వెళ్తానంటే హేలా కుండ నా చేతిలో పెట్టింది. "ఇక్కడ నువ్వు అమ్మగారివి కాదు హోగ్లా. ఉంటే ఉండు, ఊరికే మాత్రం కాదు. బావి అటు" అంది. మొదటిసారి నన్ను పేరుతో పిలిచింది. నీళ్ళు తోడాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

వెనక్కి వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్ళలేను కూడా. ఐగుప్తు వాళ్ళు మొహం చూపించి వెనక్కి తిరిగారట. కల్దీయులు మళ్ళీ వచ్చేశారు. యెరూషలేము చుట్టూ మళ్ళీ మంటలు కనిపిస్తున్నాయి.

హోగ్లా

*

తేలాబీబు
చలికాలం

హోగ్లా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే వర్తకుడి సంచిలో వచ్చాయి. మీ వదిన వింటుంటే పైకి చదివాను. నా మాట బావ నోట్లోంచి వచ్చిన చోట చదవడం ఆపేశాను. మీ వదిన, "ఆగావేం? చదువు" అంది.

చాలా రోజులు ఆలోచించాను. మన రాజు మెడ మీద కత్తి ఉంది, అది నిజం. ఆ కత్తి మీద నా అసహ్యం ఇవాళ్టికీ చావలేదు, చావదు. కానీ బావ మెడ మీద కత్తి పెట్టిందెవరు? హేలాయా? తన పైవాడి దగ్గర "బలవంతం" అని ఏడ్చినవాడు తన కిందిదాని దగ్గరికొచ్చి అదే బలవంతం చేశాడు. మన మీద బబులోను ఎలాంటిదో, హేలా మీద మన ఇల్లు అలాంటిది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ముద్ర మీద వెంట్రుకవాసి గీత చెక్కే కళ్ళు ఇవి.

ఆ యాజకుడి కొడుకు దగ్గరికి వెళ్దామని గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన భార్య చనిపోయింది. ఆయన ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేల చూస్తూ కూర్చున్నాడు. అటునుంచి అటే తిరిగొచ్చేశాను.

మళ్ళీ ప్రమాణాల పండగ వచ్చింది. ఈసారి పెదాలు కదిపాను, పేరు పలకలేదు. అధికారి వేరేవాడు, నిద్రమత్తులో ఉన్నాడు. పక్కనున్న పెద్దాయన కనిపెట్టి నా కాలు తొక్కాడు. "మనందరినీ చంపుతావా?" అని తర్వాత తిట్టాడు. ఆయన తిట్టిందీ న్యాయమే. ఏం చేసినా చేతికి మురికి అంటుకునే చోట మనల్ని నిలబెట్టారు. వాళ్ళ గొప్పతనమంతా అదే.

నువ్వు ద్వారం దగ్గర అన్న మాట గురించి కుమిలిపోకు. నేను అక్కడుంటే నాకు ఆ ధైర్యం వచ్చేది కాదు.

ఊరి సంగతి రాయి. ఏదైనా సరే, దాచకుండా రాయి.

పెదాయా

*

గెబ
వేసవి చివర

అన్నయ్యా,

ఊరు లేదు. మందిరం లేదు. గోడలు లేవు. ఇక్కడి మిద్దె మీద నుంచి పొగ చూశాం, అది ఎన్నాళ్ళకీ ఆగలేదు. రాజు పారిపోతుంటే యెరికో దగ్గర పట్టుకున్నారు. ఆయన కొడుకుల్ని ఆయన కళ్ళముందే చంపి, తర్వాత ఆ కళ్ళే తీసేశారు. దీన్ని వాళ్ళు మాట తప్పినందుకు శిక్ష అని పిలుస్తారు.

చెరపట్టినవాళ్ళందర్నీ రామాలో ఒకచోట చేర్చి మీ వైపు నడిపిస్తారని తెలిసింది. రామా మాకు పక్కూరే. హేలా కుండ ఎత్తుకుంది. "నీళ్ళు లేకుండా అంత దూరం ఎలా పోతారు?" అంది. నేనూ రెండో కుండ ఎత్తుకున్నాను. నోవాని ఇంట్లోనే ఉంచాం.

వాళ్ళని ఎలా కూర్చోబెట్టారో రాయడానికి చెయ్యి రావడం లేదు. ఒక కల్దీయ అధికారి, బాగా చదువుకున్న మొహం, శుభ్రమైన గోళ్ళు, దుబాసీ చేత వాళ్ళకి ఉపదేశం చెప్పిస్తున్నాడు. "మీ దేవుడి మాట మీరు వినలేదు. మీ దేవుడే మీ మీద ఇది రప్పించాడు. మీ ప్రవక్తలే చెప్పారు" అంటున్నాడు. అన్నయ్యా, అందులో అబద్ధమేదీ లేదు. అదే నన్ను కాల్చేసింది. మా ప్రవక్తలు ఏడుస్తూ చెప్పిన మాటని వీడు ఎంగిలి చేసి మా మొహాన పారేస్తున్నాడు. వాడి చెప్పు పక్కనే ఒక పసివాడు పడి ఉన్నాడు. కదలడం లేదు. ఏ దేవుడు చెప్పాడురా నీకు, ఆ పసివాణ్ణి తొక్కమని?

వరుసలో మీ బావ ఉన్నాడు. మెడకి తాడు. నన్ను చూడగానే లేవబోయి పక్కవాణ్ణి లాగి పడేశాడు.

"హోగ్లా! చెప్పు వీళ్ళకి, నేను నీ మొగుణ్ణని చెప్పు! లోబడి ఉంటానని చెప్పు. ఏ ప్రమాణం కావాలంటే అది చేస్తాను, ఏ దేవుడి మీద కావాలంటే ఆ దేవుడి మీద చేస్తాను!"

దుబాసీ అది అధికారికి చెప్పాడు. అధికారి చిన్నగా నవ్వి ఏదో అన్నాడు. దుబాసీ మా వైపు తిరిగి, "మీ రాజు కూడా మంచి ఒట్టే వేశాడు అంటున్నారు దొరగారు" అన్నాడు.

హేలా వరుసంతా నీళ్ళు పోసుకుంటూ వస్తోంది. ఒక్కళ్ళనీ వదల్లేదు. ఆయన దగ్గరికీ వచ్చింది. ఆయన దోసిలి పట్టాడు. తల ఎత్తలేదు. హేలా ఆయన దోసిలి నిండేదాకా పోసింది, మళ్ళీ పట్టాడు, మళ్ళీ పోసింది. దాహం తీరాక కూడా ఆమె పేరు పలకలేదు. మూతి తుడుచుకుని నా వైపు చూసి, "పిల్ల ఏదీ?" అన్నాడు. 

నాకు జాలి రావాలి. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేశాను. మెడ మీద తాడు ఒరిసి చీము పట్టింది, అది చూశాను. జాలి కంటే ముందు రోత వచ్చింది. ఆయన మీదా, ఆ శుభ్రమైన గోళ్ళవాడి మీదా, వాళ్ళిద్దర్నీ చూస్తూ కుండ పట్టుకుని నిలబడ్డ నా మీదా.

ఆయన నీ ఊరికే వస్తాడేమో.

హోగ్లా

*

తేలాబీబు
మరుసటి వేసవి

హోగ్లా,

వచ్చాడు.

దారిలో సగంమంది పోయారు. ఆయన మిగిలాడు. కాలువలో బురద తీసే పనికి వేశారు. మొదటి రోజు నా గుమ్మంలో నిలబడితే గుర్తుపట్టలేదు. "బావా" అన్నాడు. మీ వదిన రొట్టె, ఉల్లిపాయ పెట్టింది. ఏడుస్తూ తిన్నాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

తర్వాత మెల్లగా మొదలైంది. సాయంత్రాలు మనవాళ్ళు చుట్టూ చేరి యెరూషలేము కబుర్లు అడుగుతారు. ఈయన చెబుతాడు. ముట్టడిలో నిబంధన చేసినప్పుడు ఊళ్ళో అందరికంటే ముందు తన దాసీలని విడిపించింది తానేనట. దూడ నడుమ నడుస్తుంటే ఒళ్ళు పులకరించిందట. కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. ముసలమ్మలు కళ్ళొత్తుకుంటారు. నీ ఉత్తరాలు నా పెట్టెలో ఉన్నాయి. నేను గోడకి ఆనుకుని నా గోళ్ళు చూసుకుంటూ కూర్చుంటాను.

మొన్న ఒక అధికారి మనవాళ్ళలో లెక్కలు తెలిసినవాడు గిడ్డంగికి కావాలన్నాడు. బావ ఎగిరి గంతేశాడు. పారిపోడని, దొంగిలించడని ఎవరైనా యెహోవా మీద ఒట్టేసి పూచీ ఉండాలి. పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"బావా, నువ్వొక్క మాట చెబితే చాలు. నీ మాటకి ఇక్కడ విలువుంది."

అప్పుడు అడిగాను. "హేలా ఎలా ఉంది బావా?"

నా వైపు చూశాడు. మొహంలో ఏమీ కదల్లేదు. "ఏ హేలా?" అన్నాడు.

ఆయన అబద్ధమాడుతున్నాడని అనుకున్నాను హోగ్లా. అలాగే అయితే బాగుండేది. కాసేపు కళ్ళలోకి చూశాక తెలిసింది. నిజంగానే గుర్తులేదు. రామాలో ఎవరో ఆడమనిషి నీళ్ళు పోసింది, అంతే ఆయనకి.

నేను పూచీ ఉండలేదు. అధికారి అడిగితే, "మా చెల్లెలి మొగుడు, అంతవరకే తెలుసు" అన్నాను. మనవాళ్ళు నన్ను తిట్టిపోశారు. పరాయి గడ్డ మీద సొంత బావని బురదలో వదిలేశానన్నారు. నీ ఉత్తరాలు పెట్టెలోంచి తియ్యలేదు. వాళ్ళకి ఆయన కథ కావాలి. మందిరం పోయినవాళ్ళకి ఒక మంచి మనిషి కావాలి.

ఇప్పుడూ పొద్దుగూకగానే కాళ్ళకి బురదతో వచ్చి నా గడప మీద కూర్చుంటాడు. తరిమెయ్యబుద్ధి కాదు, లోపలికి రమ్మనబుద్ధి కాదు. రోజూ అడుగుతాడు: "హోగ్లా బతికుందా? ఎక్కడుంది? పిల్లని ఏం చేసింది?"

ఏం చెప్పమంటావు?

పెదాయా

*

గెబ
ద్రాక్ష తొక్కే రోజులు

అన్నయ్యా,

కల్దీయులు ఇక్కడ మిగిలిన పేదవాళ్ళకి పొలాలు పంచారు. ఉజ్జాకి ఒక ద్రాక్షతోట వచ్చింది. ఎవరిదో మాకు తెలుసు. ఆ తోట ఆసామి మెడకి తాడుతో రామాలో మా ముందు నుంచే నడిచి వెళ్ళాడు. తోట ఇచ్చి, లోబడి ఉంటామని ఒట్టు వేయించుకున్నారు. ఉజ్జా వేశాడు, వేయక ఏం చేస్తాడు. పళ్ళు తియ్యగా ఉన్నాయి. అదే నాకు మింగుడు పడటం లేదు. నోవా మాత్రం ముక్కు దాకా రసం పూసుకుని తిరుగుతోంది. దాన్ని కసరలేను.

ఈ సాయంత్రం నీ ఉత్తరం హేలాకి చదివి వినిపించాను. "ఏ హేలా?" అన్న చోట ఆమె తొక్కడం ఆపింది. కాళ్ళు ఆ రసంలోనే ఉంచి నిలబడింది. తర్వాత, "పదిహేనేళ్ళు ఆయన రొట్టె కాల్చాను" అంది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. నేను తొట్టి గట్టు దిగి ఆమె పక్కన చేరాను. ఇద్దరం చీకటి పడేదాకా తొక్కాం.

ఆయన అడిగితే నేను బతికున్నానని చెప్పు. ఎక్కడుందో తెలియదని అబద్ధమాడకు, చెప్పనని చెప్పు. పిల్ల గురించి అడిగితే, తన లెక్కలో దానికి పేరే లేదు కాబట్టి అడగొద్దని చెప్పు. మెడ మీద పుండు మానిందా లేదా చూడు. మానకపోతే వదినని నూనె రాయమను.

రొట్టె పెట్టు అన్నయ్యా. ఆకలితో ఉన్నవాడికి రొట్టె పెట్టాల్సిందే. మాట ఇస్తానంటే మాత్రం పుచ్చుకోకు.

హోగ్లా